పెంపుడు కుక్క మొరుగుడు: కారణం పట్టుకుని తగ్గించే పద్ధతి, అంచెలంచెలుగా

బెల్ మోగితే పది నిమిషాలు ఆగదు. లిఫ్ట్ తలుపు చప్పుడైతే గుమ్మం మీద పడుతుంది. మేం ఫోన్లో మాట్లాడటం మొదలుపెడితే చాలు, ఎదురుగా నిలబడి అరుస్తుంది. బయటికి వెళ్తే పక్కింటివాళ్లు ఫోన్ చేస్తున్నారు. కుక్కను పెంచేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. నాలుగూ మొరుగుడే, కానీ నాలుగింటికీ మందు వేరు.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. మొరగడం మొదలయ్యాక ఆపబోతారు. అప్పటికే కుక్క ఒళ్లంతా ఉద్రేకంతో ఉంటుంది, మీ మాట చెవికెక్కదు. పని జరగాల్సింది మొరుగుకు ముందుండే రెండు మూడు క్షణాల్లో. కింద చెప్పేదంతా ఆ క్షణాల్ని మన చేతిలోకి తెచ్చుకోవడం గురించే.

కుక్క అసలు నోరెత్తకుండా చేయాలనుకోవద్దు. కొత్త మనిషి వస్తే రెండు మూడు సార్లు మొరిగి, మీ మాటకు ఊరుకుంటే చాలు.

1. ముందు వారం రోజులు రాయండి

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, పక్కన పెన్ను కట్టండి. మొరిగిన ప్రతిసారీ ఎవరు చూస్తే వాళ్లు ఈ ఐదూ రాయాలి:

☐ టైమ్ ఎంత
☐ అంతకు ముందు ఏం జరిగింది (బెల్, లిఫ్ట్, చెత్త బండి పాట, బాల్కనీ కింద కుక్క, మీరు అన్నానికి కూర్చోవడం)
☐ కుక్క ఎక్కడ నిలబడింది, ఎటు చూసింది
☐ ఎంతసేపు మొరిగింది
☐ ఇంట్లోవాళ్లు ఏం చేశారు, ఆ తర్వాత ఏమైంది

చివరి గడిని వదిలేయకండి. అసలు గుట్టు అక్కడే ఉంటుంది. పాలబ్బాయి వచ్చాడు, కుక్క మొరిగింది, అతను ప్యాకెట్ పెట్టి వెళ్లిపోయాడు. అతను ఎలాగూ వెళ్లేవాడే. కుక్క లెక్కలో మాత్రం తన అరుపుకే పారిపోయాడు. కొరియర్ మనిషి, పేపరబ్బాయి, గ్యాస్ బండి అతను కూడా రోజూ ఇలాగే "ఓడిపోయి" వెళ్తుంటారు. గుమ్మం దగ్గరి మొరుగుడు ఏటికేడు ముదరడానికి ఇదొక పెద్ద కారణం.

2. గొంతు వినండి, ఒళ్లు చూడండి

లావు గొంతుతో గబగబా మొరుగుతూ, ఒళ్లు ముందుకు వంచి, తోక బిగబట్టి పైకెత్తితే అది కాపలా అరుపు. ఎవరో వస్తున్నారని మీకు చెబుతోంది, వచ్చేవాడికీ చెబుతోంది.

గొంతు సన్నగా ఉండి, చెవులు వెనక్కి పడి, తోక కిందికి దిగి, రెండడుగులు ముందుకు వేసి మూడడుగులు వెనక్కి వేస్తుంటే అది భయం. దీన్ని చాలామంది ధైర్యం అనుకుని మురిసిపోతారు. భయపడే కుక్కను తిట్టినా కొట్టినా, వచ్చిన మనిషి వల్లే తనకు దెబ్బలు పడ్డాయని అర్థం చేసుకుంటుంది. మరుసటిసారి పళ్లు చూపిస్తుంది.

ఒక అరుపు, కాస్త ఆగడం, మీ ముఖంలోకి చూడటం, మళ్లీ ఒక అరుపు. ఇది అడగడం. బంతి, బిస్కెట్, షికారు, లేదా మీ చూపు కావాలి.

ఒకే శ్రుతిలో, ఒకే ఎడంతో, ఎటూ చూడకుండా గంటల తరబడి సాగితే అది విసుగు. దానికి ఊళ, మూలుగు, గుమ్మం గీకడం, చొంగ తోడైతే ఒంటరితనపు బెంగ. ఈ రెండింటికీ వైద్యం వేరని 8వ అంచెలో చూస్తారు.

ముందు కాళ్లు నేలకు వంచి, వెనక భాగం పైకెత్తి మొరిగితే ఆటకు పిలుపు. దాని జోలికి పోనక్కర్లేదు.

3. శిక్షణకు ముందు డాక్టర్‌కి చూపించాల్సిన సందర్భాలు

☐ ఇన్నాళ్లూ నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ఎక్కువగా మొరుగుతోంది
☐ ముట్టుకున్నా, ఎత్తుకున్నా, మెట్లెక్కబోయినా అరుస్తోంది
☐ తల విదిలిస్తోంది, చెవి గీరుకుంటోంది, చెవిలోంచి వాసన వస్తోంది
☐ నీళ్లు ఎక్కువ తాగుతోంది, రాత్రిళ్లు పదేపదే బయటికి తీసుకెళ్లమంటోంది
☐ పెద్ద వయసు కుక్క పగలు నిద్రపోయి రాత్రి తిరుగుతోంది, మూలల్లో నిలబడిపోతోంది, శూన్యంలోకి చూసి అరుస్తోంది

వీటిలో ఒక్కటి ఉన్నా శిక్షణ ఒక్కదానితోనే తగ్గకపోవచ్చు. పెద్ద కుక్కలకు కళ్లు, చెవులు మందగిస్తాయి, మనుషులకు వచ్చినట్టే మతిమరుపు కూడా వస్తుంది. దానికి మందులున్నాయి. ముసలిదైపోయింది అని వదిలేయకండి.

4. సామాను, ఇల్లు, రోజువారీ పద్ధతి

తాయిలం: ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి వేయకుండా ఉడికించిన చికెన్, లేదా పనీర్. శాకాహారపు ఇంట్లో పనీర్, ఉడికించిన క్యారెట్ సరిపోతాయి. ముక్క శనగగింజంత ఉండాలి. అంతకన్నా పెద్దదైతే నమలడంలో పడి పాఠం మర్చిపోతుంది. ఒక విడతకు 15 నుంచి 20 ముక్కలు. రోజు మొత్తం తిండిలో తాయిలాలు పదో వంతు దాటకూడదు, అంత మేర గిన్నెలో తగ్గించండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం. పులిహోర, బిర్యానీ మెతుకులు తాయిలాలు కావు.

పట్టా: కుక్క కాళ్లు చాపుకుని పడుకునేంత, జారని చిన్న పరుపు లేదా మందపాటి పట్టా. గుమ్మం కనిపించేలా, కానీ గుమ్మానికి ఆరేడు అడుగుల దూరంలో వేయండి.

ఇంకా కావాల్సినవి: ఆరడుగుల మామూలు బెల్టు (పట్టుకుని నడిపించే తాడు), లోపల తిండి కూరి ఇచ్చే రబ్బరు బొమ్మ, కిటికీ అద్దానికి అంటించే పాలరంగు స్టిక్కర్, పాత ఫోన్ ఒకటి.

నడక: ఉదయం సాయంత్రం 20 నుంచి 30 నిమిషాలు, అందులో సగం సేపు దాని ఇష్టానికి వాసన చూడనివ్వాలి. కుక్క మెదడు అలిసేది ముక్కుతోనే. గబగబా లాక్కెళ్లి తెచ్చిన నడక ఒంటికే తప్ప బుర్రకు చాలదు. వేసవిలో ఉదయం ఆరున్నరలోపే వెళ్లి రండి. తారు రోడ్డు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు మీద దాని పాదాలూ కాలతాయి.

నిద్ర: ఎదిగిన కుక్క రోజుకు 12 నుంచి 14 గంటలు, కూనలు 18 గంటలకు పైగా నిద్రపోతాయి. పిల్లలు రోజంతా ఆడించి నిద్ర లేకుండా చేసిన కుక్క సాయంత్రానికి చిన్న చప్పుడుకూ మొరుగుతుంది.

ఒకే మాట: నాన్నమ్మ "ఉష్" అంటే, నాన్న "నోర్ముయ్" అంటే, పిల్లలు "స్టాప్" అంటే కుక్క మూడూ నేర్చుకోదు. ఇంటిల్లిపాదీ ఒక మాట ఎంచుకోండి. ఇక్కడ "చాలు" అని పెట్టుకుందాం.

5. "చాలు" నేర్పడం

ఈ మాటను మొరుగుతున్నప్పుడు మొదలుపెట్టకూడదు. ప్రశాంతంగా ఉన్నప్పుడే దానికి విలువ కట్టాలి.

మొదటి మూడు రోజులు: కుక్క ఊరికే ఉన్నప్పుడు మామూలు గొంతుతో "చాలు" అనండి. ఒక సెకను ఆగి ఒక ముక్క మీ కాళ్ల దగ్గర వేయండి. విడతకు 10 సార్లు, రోజుకు మూడు విడతలు. మూడో రోజుకు ఆ మాట వినగానే తల మీ వైపు తిరగాలి. తిరగకపోతే ఇంకో రెండు రోజులు ఇక్కడే ఆగండి.

నాలుగో రోజు నుంచి: కుక్క ఇంకో గదిలో ఉన్నప్పుడు, ఏదో వాసన చూస్తున్నప్పుడు, కిటికీ దగ్గర ఉన్నప్పుడు అనండి. వచ్చిన ప్రతిసారీ తాయిలం.

రెండో వారం: రెండు మూడు సార్లు మొరగనివ్వండి, ఒక్కసారే "చాలు" అనండి. తిరిగి వచ్చిందా, వెంటనే ఒక ముక్క. క్రమంగా ముక్కకు ముందు మౌనాన్ని పెంచండి: 2 సెకన్లు, 5, 3, 8, 5, 12, 20. ప్రతిసారీ పెంచుకుంటూ పోవద్దు, మధ్యలో తగ్గించాలి. లేకపోతే కుక్క విసిగి వదిలేస్తుంది.

రాకపోతే మళ్లీ మళ్లీ అనకండి. "చాలు చాలు చాలు" అంటే ఆ మాట ఫ్యాన్ చప్పుడులా కలిసిపోతుంది. దగ్గరికి నడిచి వెళ్లి, ముక్క ముక్కు దగ్గర పెట్టి, అక్కడి నుంచి పక్కకు తప్పించండి.

తెలివైన కుక్కలు ఇక్కడ ఒక ఎత్తు వేస్తాయి. కావాలని మొరిగి, ఆగి, తాయిలం కోసం చూస్తాయి. అది కనిపిస్తే, చప్పుడు విని మొరగకుండా మీ వైపు చూసిన సందర్భాలకు మూడు ముక్కలు, మొరిగి ఆగినందుకు ఒకటే ఇవ్వండి. వారంలో లెక్క మారుతుంది.

6. కాలింగ్ బెల్

నేర్పినన్నాళ్లూ అసలు బెల్ మోగకూడదు. గుమ్మం మీద "బెల్ కొట్టకండి, ఫోన్ చేయండి" అని అంటించండి. స్విచ్ ఆపేయండి. పనిమనిషికి, పాలబ్బాయికి, వాచ్‌మన్‌కి ముందే చెప్పండి. ఒక పక్క నేర్పుతూ ఇంకో పక్క రోజుకు పదిసార్లు పాత పద్ధతిలో మొరగనిస్తే, కుండకు చిల్లు పెట్టుకుని నీళ్లు పోసినట్టే.

మొదటి మెట్టు, ధ్వని: మీ బెల్‌నే ఫోన్లో రికార్డు చేయండి. కుక్కకు వినిపించీ వినిపించనంత తక్కువలో పెట్టి మోగించండి. ఒక సెకను తర్వాత ముక్క ఇవ్వండి. 10 సార్లు, రోజుకు రెండు విడతలు, విడత ఐదు నిమిషాలు దాటకూడదు. బెల్ వినగానే మీ చేతి వైపు చూడటం మొదలయ్యాకే ధ్వని ఒక గీత పెంచండి. మొరిగితే తప్పు కుక్కది కాదు, మీరు తొందరపడ్డారు. రెండు గీతలు తగ్గించండి.

వరుస తప్పకూడదు. బెల్ ముందు, తాయిలం తర్వాత. మీ చెయ్యి ముందే డబ్బాలోకి పోతే కుక్క నేర్చుకునేది డబ్బా చప్పుడు, బెల్ కాదు. చాలా ఇళ్లలో నెల రోజులు కష్టపడ్డా ఫలితం రాకపోవడానికి కారణం ఇంత చిన్నది.

రెండో మెట్టు, పట్టా: బెల్ లేకుండా విడిగా నేర్పాలి. పట్టా మీదికి ముక్క వేయండి, ఎక్కి తింటుంది. దిగకముందే ఇంకోటి. పడుకుంటే వెంట వెంటనే రెండు. దానంతట అదే వెళ్లి పడుకుంటున్నప్పుడు "పట్టా" అన్న మాట జోడించండి. తర్వాత మీరు ఒకడుగు దూరం వెళ్లి రావడం, గుమ్మం దాకా వెళ్లి రావడం, గొళ్లెం తీసి వేయడం, తలుపు తెరిచి మూయడం. ఒక్కో పనికి ఐదుసార్లు వరసగా లేవకుండా ఉంటేనే పై పనికి.

మూడో మెట్టు, రెండూ కలిపి: ఫోన్లో బెల్, "పట్టా", అక్కడికి వెళ్లగానే తాయిలం. పది పదిహేను రోజులకు మీరు మాట అనకముందే బెల్ వినగానే పట్టా వైపు నడుస్తుంది.

నాలుగో మెట్టు, మనిషి: స్విచ్ వేయండి. ఇంట్లోవాళ్లే ఒకరు బయటికి వెళ్లి బెల్ కొట్టాలి. తర్వాత తెలిసిన పక్కింటివాళ్లు, ఆ తర్వాత కొత్తవాళ్లు. కొత్తవాళ్లు వచ్చినప్పుడు బెల్టు వేసి ఉంచండి. వచ్చినవాళ్లు కుక్క కళ్లలోకి చూడకుండా, పలకరించకుండా, నేరుగా వెళ్లి కూర్చోవాలి. "ఏం చేయదండీ, రండి రండి" అంటూ భయపడే మనిషి మీదికి భయపడే కుక్కను వదలకండి.

మొత్తానికి మూడు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఏళ్ల తరబడి మొరిగిన కుక్కకు ఇంకా ఎక్కువ.

7. బాల్కనీ, కిటికీ, వీధి కుక్కలు

ఇక్కడ శిక్షణ కంటే అడ్డు కట్టడమే ఎక్కువ పని చేస్తుంది. కుక్క కంటి ఎత్తు దాకా కిటికీకి పాలరంగు స్టిక్కర్, బాల్కనీ గ్రిల్‌కి గ్రీన్ నెట్ లేదా వెదురు తడిక కట్టండి. కుక్కను ఒంటరిగా బాల్కనీలో వదిలి తలుపేయకండి. దానికి అది గాలి మార్పు కాదు, రోజంతా కాపలా డ్యూటీ.

వీధి కుక్కల జవాబు అరుపులు రాత్రి పదింటి తర్వాత ఎక్కువైతే, పడుకునే చోటును వీధి వైపు గది నుంచి లోపలి గదికి మార్చండి. ఫ్యాన్ లేదా కూలర్ చప్పుడు బయటి ధ్వనుల్ని కొంత కప్పేస్తుంది.

మీరు పక్కనే ఉన్నప్పుడు మాత్రం నేర్పండి. కింద కుక్క కనిపించింది, మీది ఇంకా మొరగలేదు, చెవులు మాత్రం నిలబెట్టింది. అదే ఆ క్షణం. "చాలు", తాయిలం, లోపలికి.

8. ఒంటరిగా ఉన్నప్పుడు

పాత ఫోన్‌ను వీడియో రికార్డింగ్‌లో పెట్టి అరగంట బయటికి వెళ్లి రండి. చూడకుండా ఊహించవద్దు.

మీరు వెళ్లాక నిద్రపోయి, కారిడార్‌లో చప్పుడైనప్పుడు లేచి మొరుగుతుంటే అది కాపలా లేదా విసుగు. వెళ్లే ముందు నడక, గుమ్మానికి దూరంగా ఉండే గది, రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో గట్టిపడేలా ఉంచి ఇవ్వడం సరిపోతాయి.

తలుపు మూసిన కొద్ది నిమిషాల్లోనే గుమ్మం గీకడం, ఊళ, చొంగ, ఇంట్లో మూత్రం, ఎంతో ఇష్టమైన తిండి కూడా ముట్టకపోవడం కనిపిస్తే అది బెంగ. దీనికి తాయిలం మందు కాదు. మెల్లగా అలవాటు చేయాలి:

☐ తాళాలు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేయండి, చెప్పులు వేసుకుని సోఫాలో కూర్చోండి. అవి మీరు వెళ్లబోతున్న గుర్తులుగా ఉండకూడదు
☐ తలుపు దాకా వెళ్లి రండి, తర్వాత గొళ్లెం, తర్వాత తెరిచి మూయడం
☐ బయటికి వెళ్లి 1 సెకను, 5, 3, 10, 20, 10, 40. కుక్క కంగారు పడకముందే తిరిగి రావాలి
☐ రోజుకు ఒక విడత, వారంలో రెండు రోజులు సెలవు

మొదటి అరగంట దాకా చేరడమే కష్టం. సాధారణంగా ఆ తర్వాత వేగం పెరుగుతుంది. ఈ వారాల్లో దాని ఓపిక దాటి ఒంటరిగా వదలకండి: చుట్టాలు, పక్కవాళ్లు, కుక్కల్ని చూసుకునే చోటు, ఏదో ఒక ఏర్పాటు చేసుకోండి. నెల రోజుల్లో మార్పు లేకపోతే డాక్టర్‌తో మాట్లాడండి, ఇలాంటి బెంగకు శిక్షణతో పాటు వాడే మందులున్నాయి.

9. మిమ్మల్ని అడుగుతూ మొరిగితే

అరిచినప్పుడు ఇవ్వకండి, చూడకండి, తిట్టకండి. తిట్టు కూడా పలకరింపే. లేచి వేరే వైపు తిరగండి. మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే అప్పుడు ఇవ్వండి.

మొదటి కొన్ని రోజులు అరుపు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన తాళంచెవి ఇప్పుడు పనిచేయకపోతే మనమూ ఇంకా గట్టిగా తిప్పుతాం కదా. చాలామంది సరిగ్గా ఇక్కడే లొంగిపోతారు, కుక్క ఇంకా గట్టిగా అరవాలని నేర్చుకుంటుంది. తాతయ్య భోజనం దగ్గర ఒక్క ముక్క వేసినా పది రోజుల పని పోతుంది. ఆయనకు కోపం రాకుండా ముందే చెప్పండి. పెట్టాలనిపిస్తే భోజనం అయ్యాక, దాని గిన్నెలో, అది నెమ్మదిగా ఉన్నప్పుడు పెట్టమనండి.

రెండు నెలల కూన రాత్రి ఏడిస్తే మాత్రం ఇది వర్తించదు. దానికి తల్లి కావాలి, లేదా మూత్రానికి వెళ్లాలి. మీ మంచం పక్కనే పడక వేయండి.

10. దీపావళి

రెండు నెలల ముందే టపాసుల రికార్డింగ్‌తో 6వ అంచెలోని మొదటి మెట్టు చేయండి. పండగ రోజు చేయాల్సినవి:

☐ చీకటి పడకముందే నడక ముగించండి, బెల్టు గట్టిగా ఉందో లేదో చూడండి, మెడపట్టీకి మీ ఫోన్ నంబర్ ఉండాలి
☐ లోపలి గది, కిటికీలు మూసి, కర్టెన్లు వేసి, టీవీ లేదా ఫ్యాన్ పెట్టండి
☐ దగ్గరికి వస్తే దగ్గరకు తీసుకోండి. ఓదారిస్తే భయం పెరుగుతుందన్నది తప్పు
☐ విపరీతంగా వణికే కుక్కకు వారం ముందే డాక్టర్‌ని అడిగి మందు తెచ్చుకోండి. మనుషుల నిద్రమాత్రలు వేయకండి

11. చేయకూడనివి

తిరిగి అరవడం: కుక్కకు అది మీరూ తనతో కలిసి మొరుగుతున్నట్టే. షాక్ పట్టీ (మొరిగితే కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీ): అరుపు ఆగవచ్చు, భయం ఆగదు. చివరికి హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారు కావచ్చు. మూతికి గంటల తరబడి బుట్ట బిగించడం: కుక్క ఒంటి వేడిని తగ్గించుకునేది ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడంతో, మన ఎండల్లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. రోజంతా గొలుసుతో కట్టేయడం: కట్టేసి తిప్పకుండా ఉంచడం, కొట్టడం రెండూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరాలు.

12. పక్కింటివాళ్లు, అసోసియేషన్

మొరుగుతోందన్న కారణంతో అసోసియేషన్ కుక్కను నిషేధించలేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతాయి. అయితే కుక్కను, ముఖ్యంగా రాత్రిపూట, నిశ్శబ్దంగా ఉంచడానికి యజమాని అన్ని ప్రయత్నాలూ చేయాలని కూడా అవే చెబుతాయి. మొదటి మాట చూపించి గొడవకు దిగేముందు రెండో మాట మీద ఏం చేస్తున్నారో చెప్పండి.

ఫిర్యాదు రాకముందే మీరే వెళ్లి తలుపు తట్టండి. "అక్కా, మావాడికి బెల్ శబ్దం అలవాటు చేస్తున్నాం, ఒక నెల పడుతుంది. మేం లేనప్పుడు మొరిగితే ఎన్నింటికో ఒక్క మెసేజ్ పెట్టండి" అని అడగండి. ఫ్రిజ్ మీది కాగితంలో మీరు నింపలేని గడులు ఆ మెసేజ్‌లతోనే నిండుతాయి.